ట్రావెల్ బేస్‌బాల్ టీమ్‌లో మా వాణ్ణి చేర్చాలా?

ప్రశ్న: అమెరికా వచ్చి రెండేళ్ళయింది. మా వాడికి పదకొండేళ్ళు, ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ లీగ్, అదే లిటిల్ లీగ్ ఆడుతున్నాడు. వారాంతాల్లో ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే ఓ పేరున్న ట్రావెల్ టీమ్ ట్రైఅవుట్‌కి (ఎంపికకి) తీసుకెళితే తీసుకుంటామన్నారు. రెండు రోజుల్లో డిపాజిట్ కట్టాలట. కట్టెయ్యమంటారా?

జవాబు: ముందు ఆ గడువు చూసి కంగారు పడకండి. చాలాచోట్ల ట్రైఅవుట్లన్నీ ఆగస్టులో ఒకేసారి జరుగుతాయి. మంచి పిల్లలు పక్క టీముకి పోతారని అందరూ తొందరపెడతారు. కోచ్‌ని సూటిగా అడిగితే రెండు రోజులు మీకూ సరిపోతాయి. టీము పేరు పక్కన పెట్టి రెండు లెక్కలు తేల్చుకోండి: వాడు మైదానంలో ఎన్ని ఇన్నింగ్స్ ఉంటాడు, వాడి చేత్తో ఎన్ని పిచ్‌లు (బ్యాటర్‌కి వేసే బంతులు) వేయిస్తారు.

లిటిల్ లీగ్ మామూలు సీజన్లో ప్రతి పిల్లాడికీ కనీసం ఆరు అవుట్లసేపు, అంటే రెండు ఇన్నింగ్స్ ఫీల్డింగూ ఒకసారి బ్యాటింగూ ఇచ్చి తీరాలి. ట్రావెల్‌లో అలాంటి హామీ లేదు, డబ్బు కట్టి బెంచి మీద కూర్చునే పిల్లలు బోలెడుమంది. ఈ వయసులో ఆట ఆరు ఇన్నింగ్స్, మైదానంలో తొమ్మిది మంది, అంటే మొత్తం 54 చోట్లు. టీములో 11 మంది ఉంటే సమానంగా పంచినా తలా దాదాపు ఐదు ఇన్నింగ్స్ వస్తాయి, 14 మంది ఉంటే నాలుగు కూడా రావు. ఎందరిని తీసుకుంటున్నారో, బ్యాటింగ్ అందరికీ ఇస్తారో తొమ్మిది మందికే ఇస్తారో అడగండి. షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేసుల మధ్య, అందరూ కోరుకునే చోటు) ఎవరు నిలబడతారు, ఆ పిల్లాడు కోచ్ కొడుకా అన్నది కూడా తెలుసుకోండి. చాలా టీములు గేమ్‌ఛేంజర్ యాప్‌లో స్కోర్లు పెడతాయి, నిరుటి ఆటలు అక్కడ వెతకండి. ఒకే సంస్థకి ఒకే వయసులో మూడేసి టీములు ఉండటం మామూలే. పేరు తెచ్చింది పదిహేడేళ్ళ పిల్లల టీము, మీ వాడికి దొరికింది మూడో టీము అయితే ఆ పేరుకి కట్టే డబ్బు దండగ.

ఇక చెయ్యి సంగతి. మిగతావాటిలో సర్దుకుపోవచ్చు గానీ ఇక్కడ మాత్రం మొహమాటపడకండి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు ఇచ్చాయి. 11–12 ఏళ్ళవాళ్ళు రోజుకి 85 పిచ్‌లు దాటకూడదు. 20 వరకు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు. 21–35 అయితే ఒక రోజు, 36–50కి రెండు, 51–65కి మూడు, ఆపైన నాలుగు రోజులు చెయ్యి ఆపాలి. ఏడాది మొత్తానికి 80 ఇన్నింగ్స్ మించకూడదు, ఏటా నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి. కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) ఈ వయసులో వద్దు.

వారాంతపు టోర్నమెంట్లో ఇదంతా ఎక్కడ తప్పుతుందంటే, చాలా టోర్నమెంట్లు పిచ్‌లు కాక ఇన్నింగ్స్ లెక్కపెడతాయి. ఒక ఇన్నింగ్ పది పిచ్‌లతో ముగియొచ్చు, ముప్పై అయిదూ పట్టొచ్చు. కాబట్టి లెక్క మీ చేతిలో ఉండాలి, నొక్కి లెక్కపెట్టే చిన్న క్లిక్కర్ కొనుక్కోండి. కోచ్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "శనివారం మా వాడు 40 వేశాడు, ఆదివారం ఫైనల్, వేయిస్తారా?" వెయ్యనివ్వను అనేదే సరైన జవాబు. "అప్పుడు చూద్దాం" అన్నాడంటే వద్దని చెప్పెయ్యండి. పిచింగ్ అయ్యాక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) నిలబెట్టడం కూడా తప్పే. లిటిల్ లీగ్‌లో 41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా ఆడకూడదు. మన పిల్లలు వారం మధ్యలో క్రికెట్ కోచింగ్‌కీ వెళతారు కదా, అక్కడ వేసే ఓవర్లూ బౌండరీ నుంచి విసిరే త్రోలూ ఆ భుజం మీదే పడతాయని ఇద్దరు కోచ్‌లకీ చెప్పండి.

ఆట చూస్తున్నప్పుడు స్కోరుబోర్డు వదిలి వాడి చెయ్యి చూడండి. బంతి వేశాక చెయ్యి విదిలిస్తున్నాడా, మోచేతి లోపలివైపు రుద్దుకుంటున్నాడా, అంతకుముందు బాగా పడిన బంతి పైపైకి పోతోందా? మోచేతి దగ్గర ఎముక ఇంకా పెరుగుతోంది, కండరం లాగిలాగి ఆ పెరిగే చోటే వాస్తుంది. నొప్పి అంటే ఆ రోజు ఆట ఆపించండి. మాత్ర ఇచ్చి దింపొద్దు, పిల్లల ఎముకల డాక్టరుకి చూపించండి.

ఖర్చులో ఫీజు ఒక భాగమే. యూనిఫారం, టోర్నమెంట్ ఎంట్రీ, చలికాలం ఇండోర్ ప్రాక్టీసు సాధారణంగా అందులో ఉంటాయి. హోటళ్ళు, పెట్రోలు, గేటు టికెట్లు, విడి పాఠాలు మీ జేబులోంచే. కొన్ని టోర్నమెంట్లు వాళ్ళు చెప్పిన హోటల్లోనే దిగాలంటాయి. బ్యాటు దగ్గర కొత్తవాళ్ళు తరచూ పొరబడతారు: లిటిల్ లీగ్‌కి, చెక్క బ్యాటు కాకపోతే, యూఎస్‌ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్నదే చెల్లుతుంది, ట్రావెల్ టోర్నమెంట్లు నడిపే యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ సంస్థ ముద్ర బ్యాటు అక్కడ పనికిరాదు. ఎదిగే పిల్లాడికి ఏడాదికే పొడవు మారిపోతుంది, నిరుటి మోడల్ కొంటే చాలు.

జూన్, జూలైల్లో ఇండియా వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. పెద్ద టోర్నమెంట్లు అప్పుడే, ఫీజు వెనక్కి రాదు. నవంబరు, డిసెంబరుల్లో వెళితే చేతికి కావలసిన విశ్రాంతీ దొరుకుతుంది.

మన జనన ధృవపత్రంతో ఇంకో చిక్కు. ట్రావెల్‌లో ఏప్రిల్ 30 నాటి వయసు చూస్తారు. 03-05-2014 అని ఉంటే మనకది మే 3, ఇక్కడివాళ్ళకి మార్చి 5. అలా చదివితే 2026 సీజనుకి మీ వాడు పదకొండేళ్ళ గుంపు నుంచి పన్నెండేళ్ళ గుంపులోకి పోతాడు. పుట్టిన నెల అక్షరాల్లో ఉండే అమెరికా వీసా కాపీ జతచెయ్యండి. లిటిల్ లీగ్‌లో ఆగస్టు 31 నాటి వయసు లెక్క, అక్కడ ఇదే పిల్లాడు పన్నెండే.

కాలేజీ స్కాలర్‌షిప్ కోసమైతే వద్దు. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో 2024–25 వరకు టీము మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే ముక్కలుగా పంచేవారు. ఆ పరిమితి ఇప్పుడు చాలా కాలేజీలకి పోయింది గానీ 34 మంది టీముకి అందరికీ పూర్తి డబ్బు ఇచ్చే కాలేజీలు అరుదు. మూడో డివిజన్, ఐవీ లీగ్ ఆటకి అసలు ఇవ్వవు.

ట్రావెల్ వల్ల నిజంగా వచ్చే లాభం ఒకటుంది. బేసుల మధ్య 70 అడుగులు, పిచర్‌కి 50 అడుగుల మైదానంలో రన్నర్ ముందే బేసు వదిలి జరగొచ్చు, పిచర్ వాణ్ణి ఆపడం నేర్చుకోవాలి. 60 అడుగుల లిటిల్ లీగ్ మైదానంలో బంతి బ్యాటర్‌ని చేరేదాకా బేసు వదలకూడదు. పెద్ద మైదానంలోకి వెళ్ళేసరికి ఇది వచ్చినవాడికి తేలిక. అయితే లిటిల్ లీగ్‌లోనూ ఇంటర్మీడియట్ అని ఇదే కొలతల విభాగం ఉంది, మీ ఊళ్ళో నడుస్తోందేమో కనుక్కోండి.

ఇన్నింగ్స్, పిచ్‌లు రెండిటికీ సూటిగా జవాబు వచ్చి, వారానికి మూడు సాయంత్రాలూ వారాంతమూ ఇవ్వడానికి వాడే సిద్ధపడితే చేర్చండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాయించుకున్నాకే డిపాజిట్ కట్టండి. లేదంటే "ఈ ఏడాది లిటిల్ లీగ్‌లోనే ఆడిస్తున్నాం, వచ్చే ఆగస్టు ట్రైఅవుట్‌కి తీసుకొస్తాం" అని గడువులోపే కోచ్‌కి మెసేజ్ పెట్టండి, ఆ చోటు ఇంకో పిల్లాడికి వెళుతుంది.