తేనెపెట్టెల కంటే ముందు పుస్తకాలు

ప్రశ్న: కొబ్బరి, మునగ కలిపి మాకు రెండెకరాలు ఉంది. అందులో నాలుగు తేనెపెట్టెలు పెట్టాలనుకుంటున్నాను. ముందుగా ఈ పెంపకం గురించి, దాని చరిత్ర గురించి చదువుకోవాలని ఉంది. ఇంగ్లిషైతే మా అమ్మాయి చదివి చెబుతుంది. ఏ పుస్తకాలు కొనమంటారు?
– ఒక రైతు, తెనాలి మండలం, గుంటూరు జిల్లా

జవాబు: పెట్టెలకు సబ్సిడీ ఎంత అని అడిగేవాళ్లే గానీ పుస్తకాలు అడిగేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు. ముందు ఒక్కటే కొనండి: ఆర్.సి. మిశ్రా రాయగా భారత వ్యవసాయ పరిశోధన మండలి 1995లో వేసిన ‘హనీబీస్ అండ్ దెయిర్ మేనేజ్‌మెంట్ ఇన్ ఇండియా’. మన దేశపు ఈగల సంగతి అందులో ఉంది. విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కూడా వెతకండి.

చరిత్రకు లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పాస్టరు 1853లో రాసిన పుస్తకం చదవాలి. కాపీరైటు ఎప్పుడో తీరింది, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో డబ్బు పెట్టకుండానే చదవొచ్చు. ఆయన 1851లో పట్టుకున్నది ఒక సందు. ఈగలు పట్టు కట్టే చెక్క చట్రానికీ పెట్టె గోడకూ మధ్య 6 నుంచి 9 మి.మీ. వదిలితే ఈగలు దాన్ని దారిగా వాడుకుంటాయి. తగ్గితే చెట్ల నుంచి తెచ్చిన జిగురుతో మూసేస్తాయి, పెరిగితే అడ్డంగా మైనం కడతాయి. ఊళ్లో వడ్రంగి చేత చేయించిన పెట్టె ఒకటి చూశాను, సందు బొటనవేలు దూరేంత ఉంది. చట్రం పైకి లాగగానే తేనెపట్టు చిరిగి, తేనె, పిల్ల పురుగులు కలిసి చేతి మీదుగా కారాయి. పెట్టె కొనేటప్పుడు స్కేలు పట్టుకెళ్లండి.

అంతకుముందు 1792లో స్విట్జర్లాండ్‌లో హ్యూబర్ రాసిన పుస్తకం ఇంకా వింత. ఆయనకు చూపు లేదు. పుటల్లా తెరుచుకునే పెట్టె చేయించి, పనివాడు బర్నెన్స్ చూసి చెబుతుంటే రాయించాడు. రాణి ఈగ గూటి బయట, గాలిలోనే జతకడుతుందని తేల్చింది ఆయనే. ఈవా క్రేన్ 1999లో తెచ్చిన ప్రపంచ తేనె చరిత్ర చాలా పెద్దది, ఖరీదైనది. గ్రంథాలయంలో అడగండి, కొనకండి.

విదేశీ పుస్తకాలతో ఒక చిక్కుంది. అవి ఐరోపా ఈగ కోసం, చలిదేశాల కోసం రాసినవి. వాళ్ల ఈగకు గడ్డుకాలం మంచు, మన ఈగకు వానాకాలం. పూలు తగ్గిన ఆ నెలల్లో పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పెట్టాలి. ఖాళీ పట్లు తీసేయాలి, లేదంటే మైనపు పురుగు చేరుతుంది. మన ఈగ, అంటే పుట్ట తేనెటీగ, జిగురు తేదు. పట్టుకు పునాదిగా చట్రంలో పెట్టే మైనపు రేకులు ఐరోపా ఈగకు అచ్చువేసినవైతే వాటి గదులు దానికి పెద్దవి. తిండి లేకపోయినా, పదేపదే కదిపినా గూడు వదిలి లేచిపోతుంది. ఫాదర్ న్యూటన్ అనే క్రైస్తవ మతగురువు 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లి వైపు చిన్న పెట్టె తయారు చేసింది ఈ ఈగ కోసమే. మీరూ న్యూటన్ పెట్టే తీసుకోండి. నాలుగొద్దు, వానలు వెనకబట్టాక రెండింటితో మొదలుపెట్టండి.

పక్క చేలో మిరపో పత్తో ఉంటే, మందు పొద్దువాలాక కొట్టమని, కొట్టే ముందురోజు మీకు చెప్పమని ఆ రైతుతో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ అధ్యాయం లాంగ్‌స్ట్రాత్‌లో దొరకదు, ఆయన రోజుల్లో ఈ మందులు లేవు.