గీజర్ సేఫ్టీ వాల్వ్ కారుతోంది, డెడ్ ప్లగ్ (దారిని పూర్తిగా మూసేసే బిరడా) బిగించేయొచ్చా?

అస్సలు వద్దు. ఎవరైనా ప్లంబర్ అదే సలహా ఇస్తే వేరేవాళ్లను పిలవండి. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, ఆ అదనపు ఒత్తిడి బయటికి పోవడానికి పెట్టిందే ఆ వాల్వ్. దాన్ని మూసేశాక నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా మొరాయించిందంటే ట్యాంకు పేలిపోవచ్చు. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం మామూలే, ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వ్ మార్పించండి.

పానా పట్టే ముందు మెయిన్ బోర్డులో గీజర్ ఎంసీబీ (కరెంటు కట్ చేసే బ్రేకర్) దించాలి. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు, ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్విచ్ పెట్టిన వైరింగ్ అయితే ఆపినా లోపల కరెంటు ఉంటుంది, పైగా బాత్రూంలో నేలంతా తడి. కరెంటు లేదని టెస్టర్‌తో చూశాక, చన్నీళ్లు వచ్చేదాకా వేడినీళ్ల కుళాయి వదిలి, ఆ తర్వాతే గీజర్‌లోకి నీళ్లొచ్చే ఇన్‌లెట్ కట్టేయాలి, లేదంటే నట్టు వదులవగానే మరిగే నీళ్లు మొహం మీదకే.