మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పిన విద్యార్థికి

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలలో ఆర్22 (విశ్వవిద్యాలయం 2022లో తెచ్చిన) నిబంధనల కింద ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పాను. ఇంగ్లిషు పాఠాలు సరిగా అర్థం కావడం లేదు. తోటివారు డబ్బు కట్టి కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. నేనూ చేరాలా?

జవాబు: మీరు రాసిన మూడింటిలో ముందుగా పట్టించుకోవలసింది గణితాన్నే. ఈసీఈ రెండో సంవత్సరంలో కెపాసిటర్లు, ఇండక్టర్లు ఉన్న సర్క్యూట్‌లో కరెంటు క్షణక్షణానికీ ఎలా మారుతుందో తేల్చడానికి అవకలన సమీకరణాలు కావాలి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టైతే ఫోరియర్, లాప్లాస్ పరివర్తనలనే గణిత పద్ధతుల మీదే నడుస్తుంది. ఇప్పుడు మీరు తప్పిన పేపరులోని మాత్రికలు, ఐగెన్ విలువలు రేపు ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలనుకున్నా సిలబస్‌లో ఎదురవుతాయి. అందువల్ల దీన్ని ఎలాగో గట్టెక్కవలసిన బ్యాక్‌లాగ్‌గా (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టుగా) మాత్రమే చూడవద్దని నా గట్టి అభిప్రాయం.

పరీక్ష లెక్క కూడా మీరు భయపడుతున్నంత కఠినమైనది కాదు. ఇంటర్నల్ 40, సెమిస్టర్ చివరి పరీక్ష 60 మార్కులు కాగా, చివరి పరీక్షలో కనీసం 21, రెండూ కలిపి 40 రావాలి. సప్లిమెంటరీలో మీ ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంటాయి కనుక, అవి 16 అయితే 24, అవి 20 అయితే 21 తెచ్చుకుంటే చాలు. మాత్రికల యూనిట్‌తో మొదలుపెట్టండి. అందులో పద్ధతి ఒకసారి పట్టుబడితే మార్కులు నిలకడగా వస్తాయి. పరిష్కరించిన లెక్కను చదివి ఊరుకోకుండా, పుస్తకం మూసి అదే లెక్కను మళ్లీ చేయడం తప్పనిసరి.

ఇంగ్లిషు విషయంలో మీకు అందుబాటులో ఉన్న ఒక సదుపాయం చాలామందికి తెలియదు. దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ పుస్తకాలను తెలుగులోనూ సిద్ధం చేయించి, ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా ఉంచింది. భావాన్ని ముందు తెలుగులో గ్రహించి, అదే రోజు అదే అంశాన్ని ఇంగ్లిషులో చదివి, జవాబును సొంత వాక్యాల్లో ఇంగ్లిషులో రాయండి. పరీక్ష ఇంగ్లిషులోనే రాయాలి గనుక ఈ చివరి మెట్టును వదిలిపెట్టకూడదు.

కోడింగ్ కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టవద్దు. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో సీ ప్రోగ్రామింగ్ భాష పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోదలచినప్పుడే రుసుము ఉంటుంది. ల్యాబ్‌లో ప్రోగ్రామును రికార్డులోకి ఎక్కించి వచ్చేయకుండా, విలువలు మార్చి, కావాలని ఒక తప్పు చేసి, కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ఏమంటుందో చూడండి. ఇంత కష్టం చేస్తూనే హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి. 65 శాతం కూడా లేకపోతే ఆ సెమిస్టర్ పరీక్షలకే అనుమతించరు.

సబ్జెక్టు తప్పిన సంగతి ఇంట్లో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే, సప్లిమెంటరీ ఫీజు కట్టే లోపే చెప్పండి.