మేనకోడలికి: భాకరాపేట ఘాట్ ఎక్కే ముందు

అమ్మాయీ, ఆశీస్సులు.

కల్యాణి డ్యామ్, భాకరాపేట ఘాట్, వస్తూ వస్తూ రాయలచెరువు, అన్నీ ఒకే ఆదివారం తిరుపతి నుంచి సైకిల్ మీద చుట్టి రావాలనుకుంటున్నానని రాశావు. ముందు రాయలచెరువును పక్కన పెట్టు. అది వేరే దిక్కు. కృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే చెరువు, చుట్టూ కొండలు. 2021 నవంబరు వానలకు కట్టలోంచి నీళ్లు ఊరుతున్నాయని కింది ఊళ్లను ఖాళీ చేయించింది కూడా అక్కడే. ఆ కట్ట మీద తీరిగ్గా కూర్చోవాలి. దానికి ఇంకో ఆదివారం ఉంచుకో.

ఇక పడమటి దారి. తెల్లవారకముందే అడవి దారి పడతానన్నావు, అది వద్దు. ఈ మధ్య ఏనుగుల గుంపులు చంద్రగిరి, భాకరాపేట వైపు పొలాల్లోకి దిగుతున్నాయి. శేషాచలంలో చిరుతలు ఎప్పుడూ ఉన్నవే. సైకిల్ చప్పుడు చేయదు కాబట్టి నువ్వు వస్తున్నట్టు జంతువుకు తెలియదు, జంతువు ఉన్నట్టు నీకు తెలియదు. శ్రీనివాస మంగాపురం చేరేసరికి వెలుగు వచ్చేలా లెక్క వేసుకో. అక్కడ కల్యాణ వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని రంగంపేట వైపు సాగు. సంక్రాంతి రోజుల్లో అయితే మాత్రం రంగంపేటలో పశువుల పండుగకు వచ్చిన జనం దారి నిండా ఉంటారు.

ఈ మొదటి దూరంలో గాలి చల్లగా ఉంటుంది, కాళ్లు వాటంతట అవే పరుగెత్తుతాయి. నిన్ను నువ్వు పట్టుకోవాల్సింది ఇక్కడే. పక్కన మనిషి ఉంటే ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగినంత వేగం చాలు. నిమిషానికి 80, 90 సార్లు పెడల్ తిరిగే తేలిక గేరులో ఉండు, మోకాళ్లతో తోయకు. ఎత్తు మొదలయ్యాక గేరు తగ్గిద్దామని చూడకు. ఎదురుగా ఎత్తు కనబడగానే తగ్గించు. బరువు పడిన చైను మీద గేరు మారిస్తే అది జారిపోవచ్చు.

డ్యామ్ దగ్గర తప్పక ఆగు. తిరుపతికీ తిరుమలకూ తాగునీరు ఇచ్చే జలాశయం అది. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన ఏడు, డిసెంబరు, జనవరిలో కొండల నడుమ నిండుగా ఉన్న ఆ నీటిని చూస్తే కదలబుద్ధి కాదు. నీళ్లలోకి మాత్రం దిగకు, కాళ్లు తడుపుకోవడానికి కూడా. లోతు ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు.

దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగు. ఒక సీసాలో ఉత్త నీళ్లు, రెండో దానిలో నిమ్మరసం, ఉప్పు, చక్కెర. జేబులో అరటిపళ్లు, వేరుశనగ ఉండలు. రాగి సంకటి ఇంటికి వచ్చాకే. నిండు కడుపుతో ఘాట్ ఎక్కలేవు.

ఎక్కేటప్పుడు నీకు ఏమీ కాదు. ఆయాసం వస్తే దిగి నడుస్తావు, అంతే. నాకు భయమంతా దిగే దారి గురించే. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ల బస్సు రాత్రివేళ ఈ ఘాట్‌లోనే లోయలో పడింది. పైన కాసేపు కూర్చుని, చేతులు విదిలించుకుని, ఆ తరువాతే దిగు. మలుపులోకి రాకముందే వేగం తగ్గించు, మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు పట్టకు. రెండు బ్రేకులూ కలిపి పట్టి వదులుతూ రా. అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు. మలుపుకు బయటి వైపు పెడల్ కిందికి దించి బరువు దాని మీద వేయి. మలుపు ఎక్కడ తేలుతుందో అక్కడికి చూడు, ముందు చక్రం వైపు కాదు. కింద నుంచి ఎక్కే బస్సు తిరగడానికి నీ వైపు రోడ్డు కూడా తీసుకుంటుంది, అందుకే రోడ్డు మధ్య గీత దగ్గరికి పోకు. అలాగని మరీ ఎడమ అంచుకూ పోకు, అక్కడ ఇసుక పేరుకుని ఉంటుంది. ముందు లారీ నెమ్మదిగా దిగుతుంటే నువ్వూ నెమ్మదిగానే దిగు, దాటకు.

పంక్చర్ సామాను ఎలాగూ తీసుకెళ్తావు. ఒక్క మాట: సర్కారు తుమ్మ పొదల పక్కన సైకిల్ ఆనించకు. ముల్లు దిగితే, కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి చూడు. ముల్లు లోపలే ఉంటే ఆ ట్యూబూ పోతుంది.

ఘాట్ దిగగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నిజానికి అప్పటికి ఎండ ముదురుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, తిరుపతి ఇంకా దూరమే. పొద్దున దాచుకున్న బలం ఇక్కడికే. వడలిపోయినట్టు అనిపిస్తే చంద్రగిరి కోటకు తిప్పు. రాజమహల్ దగ్గర చెట్ల నీడన పడుకుని, ఎండ తగ్గాక బయలుదేరు.

శనివారం సాయంత్రం సైకిల్ తీసుకుని ఇంటికి రా. బ్రేకు ప్యాడ్లు నేను చూడాలి. అరిగి ఉండి, అప్పటికప్పుడు కొత్తవి దొరక్కపోతే, ఈ ఆదివారం డ్యామ్ వరకే వెళ్లి రా.

మీ మామయ్య