నారాయణపేట జిల్లా ముడుమాల్‌ల ఉన్న వేల ఏండ్లనాటి నిలువురాళ్లకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినట్టేనా?

లేదండి, 2025లో వచ్చింది తాత్కాలిక జాబితాలో చోటు మాత్రమే, అసలు గుర్తింపు వేరే. ఆ జాబితాలో కనీసం ఏడాది ఉన్నంకనే మన కేంద్ర ప్రభుత్వం నామినేషన్ ఫైల్ పంపాలె, ఆ తర్వాత ఇకోమోస్ (చారిత్రక కట్టడాల మీద యునెస్కోకు సలహా ఇచ్చే సంస్థ) నిపుణులు వచ్చి చూసి రిపోర్టిస్తరు, చివరికి 21 దేశాల ప్రపంచ వారసత్వ కమిటీ తేలుస్తది. మన తెలంగాణల ఇదంతా దాటి 2021లో గుర్తింపు తెచ్చుకున్నది రామప్ప గుడి.

ఇంకోటి, గుర్తింపొస్తే యునెస్కోవాళ్లే వచ్చి కాపాడుతరు అనుకుంటరు చాలామంది, అట్ల ఉండదు. 1972 ప్రపంచ వారసత్వ ఒప్పందం ప్రకారం కాపాడే బాధ్యత ఆ దేశానిదే. వాళ్లు సలహా ఇస్తరు, కొంత సాయం చేస్తరు, పరిస్థితి పాడైతే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాల పెడతరు, మరీ చెడితే తీసేస్తరు కూడా, జర్మనీల డ్రెస్డెన్ లోయకు 2009లో అట్లనే అయింది, నది మీద కొత్త వంతెన కడుతున్నందుకు.

నాకైతే అసలు పని ఊర్లనే ఉందనిపిస్తది. ముడుమాల్ పోయి చూడండి, కృష్ణ ఒడ్డున చేన్ల నడుమ రెండు నిలువుల ఎత్తు రాళ్లు, కొన్ని అంతకన్నా పెద్దయి. ఒక రాయి మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉంటయి, సప్తర్షి మండలం లెక్కనే కనవడుతది. ఊరోళ్లు వీటిని నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతరు, ఆ మొక్కే ఇన్నేండ్లు కాపాడింది అని నా నమ్మకం. ఇప్పుడు చుట్టూ భూములున్న రైతులను కలుపుకొని హద్దులు గట్టిగ వేయాలె, ఫైల్ల ముందు అడిగేది గూడ అదే.