దీర్ఘాయువు అని రాసి ఉన్న వాగ్దాన కార్డు

ప్రశ్న: నాకు 41 సంవత్సరాలు. ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఉంటాము. గత మార్చిలో మా వారు గుండెపోటుతో చనిపోయారు. ఆయనకు 46 ఏళ్లు. అంతకుముందు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆయన తీసుకున్న వాగ్దాన కార్డులో "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను" అని ఉంది. అది ఇంకా ఆయన బైబిలులోనే ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి దానిని చూసిన రోజు నుంచి చర్చికి రావడం మానేశాడు. మా అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే పాప, నేను వెళ్తున్నాము. కానీ పదిహేనేళ్లుగా సంఘంలో పాటలు ఎత్తి పాడించిన నాకు ఇప్పుడు గొంతు పెగలడం లేదు. మోకరిస్తే ప్రార్థన రాదు, పడుకుంటే నిద్ర రాదు. సంఘ పెద్ద ఒకరు, ఇంకా ఏడవడం అవిశ్వాసమనీ, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందనీ అన్నారు. పాస్టర్ గారు క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లో సాక్ష్యం చెప్పమంటున్నారు. మొన్న పాప ఏదో అంటే పైకి నవ్వేశాను. ఆ రాత్రంతా ఆయనకు ద్రోహం చేసినట్లు అనిపించింది. మళ్లీ డిసెంబరు 31 వస్తోంది. దేవుని మాట అబద్ధమా, నా విశ్వాసం అబద్ధమా? ఆ సంతోషం నాకు మళ్లీ వస్తుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటిలో అన్నిటికంటె బరువైనది ఆ కార్డు సంగతి. తక్కిన ప్రశ్నలన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

వాగ్దాన కార్డు మన సంఘాలలో ఎందరికో ప్రియమైన ఆచారం. పన్నెండు దాటగానే పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకోవడం, దానిని అద్దం మూలన గానీ బైబిలులో గానీ పెట్టుకుని ఏడాది పొడవునా చూసుకోవడం నేనూ చిన్ననాటి నుంచి చేసినదే, దానిని ఎగతాళి చేయను. అయితే ఆ కార్డు తయారయ్యే తీరు ఒకసారి చూడండి. ఒక అధ్యాయంలోంచి ఒక వాక్యాన్ని కత్తిరించి, దాని పైనా కిందా ఉన్నదంతా వదిలేసి, పువ్వుల బొమ్మ పక్కన అచ్చువేసి, ఎవరి చేతికి ఏది వస్తే అదే వారి సంవత్సర ఫలమన్నట్లు పంచుతున్నాము. పంచాంగ శ్రవణం మనకు వద్దనుకుని, దాని స్థానంలో మరొకదానిని పెట్టుకున్నామేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. మీ వారి చేతికి ఆ కార్డు రావడం ఆయన ఆయుష్షును గురించి దేవుడు చేసిన ప్రమాణం కాదు. అలా అనుకునేలా చేసినది మన పద్ధతి. అందులో వాక్యం చెప్పే నా వంటివారి తప్పు ఉంది గానీ మీ వారి భక్తిలోనో మీ భక్తిలోనో లోటు లేదు.

ఆ మాట 91వ కీర్తనలోని చివరి వచనం. అదే కీర్తనను యేసు ఎదుట ఎత్తి చెప్పినది ఎవరో మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. అరణ్యంలో నలువది దినాల ఉపవాసం తరువాత ఆయనను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారని రాసి ఉన్నది గదా, దూకుమన్నది శోధకుడైన సాతాను. యేసు ఆ కీర్తన అబద్ధమని అనలేదు. దానిని పూచీకత్తు కాగితంలా వాడుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కొంతకాలానికి, మీ వారి కంటె చిన్న వయసులోనే, సిలువ మీద వేలాడుతున్నప్పుడు ఆయన నోట వచ్చినది 91వ కీర్తన కాదు, 22వ కీర్తనలోని మొదటి మాట: ఏలీ, ఏలీ, లామా సబక్తానీ. నన్నెందుకు చెయ్యి విడిచావు అన్న ఆ కేకను ఆయన వేసినది మనుషుల ఎదుట దేవుని మీద ఫిర్యాదుగా కాదు, దేవునికే. విశ్వాసం అబద్ధమైనవారు అలా అడగరు, ఎందుకంటే అడగడానికి వారికి అవతల ఎవరూ ఉండరు. మీరు నాకు రాసిన ప్రశ్న కూడా ఆ జాతికి చెందినదే.

కనుక ప్రార్థన రావడం లేదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. మీకు రానిది స్తుతి. మనం పెరిగిన కూడికలలో ప్రార్థన అంటే స్తోత్రంతో మొదలై స్తోత్రంతో ముగియాలన్న అలవాటు ఎంత బలపడిందంటే, మరో రకం ప్రార్థన ఉన్నదన్న సంగతే మరచిపోయాము. నూట యాభై కీర్తనలలో ఇంచుమించు మూడో వంతు విలాపాలే. వాటిలో చాలా వరకు చివరకు ఏదో ఒక ఆశ మీద ముగుస్తాయి గానీ 88వ కీర్తన అలా కూడా ముగియదు, చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. దానిని బైబిలులో నుంచి ఎవరూ తీసివేయలేదు. మోకరించినప్పుడు మీకు మాట రాకపోతే ఆ కీర్తన తీసి, స్వరం పైకెత్తకుండా, మీ మాటగా చదివి లేవండి. ఆ రోజుకు అది చాలు.

విలాపవాక్యముల గ్రంథాన్ని కూడా ఒకసారి మొదటి నుంచి చివరి వరకు ఒకే విడతలో చదవమని కోరుతున్నాను. యెరూషలేము బబులోనువారి చేతిలో కూలిపోయిన తరువాత పుట్టిన అయిదు అధ్యాయాలవి. అనుదినము నూతనముగా ఆయన వాత్సల్యత పుట్టుచున్నదన్న మాట, కార్డులలో తరచుగా కనిపించేది, ఆ గ్రంథానికి సరిగ్గా నడుమ, మూడో అధ్యాయంలో ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మాట వచ్చిన తరువాత కూడా ఏడుపు ఆగదు. ఇంకా రెండు అధ్యాయాలకు పైగా సాగి, మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్నంత దూరం వెళ్లి అక్కడ ముగుస్తుంది. అంటే నిరీక్షణ దుఃఖం అయిపోయాక దాని చివర వచ్చి కూర్చునేది కాదు, దుఃఖం మధ్యలో వచ్చి, ఇంకా దుఃఖం మిగిలి ఉండగానే అక్కడ నిలబడేది. మీరు ఎదురుచూస్తున్న సంతోషం ఏడుపు ఆగిన మరునాడు వస్తుందని లెక్క వేసుకుంటే, అది ముందే వచ్చిన రోజున గుర్తుపట్టలేరు. దీనికి మళ్లీ వస్తాను.

సంఘ పెద్దగారి మాట గురించి ఎక్కువ రాయను. అది తప్పు. పుట్టు గుడ్డివాడిని చూసి, ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ రెండింటినీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవారికంటె పాపులు కారని ఆయనే చెప్పాడు. చనిపోయిన మిత్రుడు లాజరు సమాధికి వెళ్తూ, మరికొద్ది సేపటిలో అతనిని లేపబోతున్నానని తెలిసి కూడా, కన్నీళ్లు విడిచాడు. ఆయన కన్నీళ్లు అవిశ్వాసం కానప్పుడు మీవి ఎలా అవుతాయి?

పాట సంగతికి వస్తే, పాడలేకపోయినా పాడేవారి మధ్య నిలబడండి. మార్కు సువార్తలో పక్షవాయువుగలవాడిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటి కప్పు విప్పి దించినప్పుడు, యేసు వారి విశ్వాసాన్ని చూశాడని రాసి ఉంది. పరుపు మీద ఉన్నవాడు ఏమి నమ్మాడో, అసలు నమ్మాడో లేదో అక్కడ ఒక్క మాట లేదు. పదిహేనేళ్లు మీరు ఎందరి పరుపుల కొనలనో పట్టుకుని మోశారు, ఈ ఏడాది మిమ్మల్ని వారు మోయడంలో చిన్నతనం లేదు. పాట ఎత్తే పని ఎవరైనా చిన్నవారికి కొంతకాలం అప్పగించమని పాస్టరమ్మ గారితో మీరే చెప్పండి. ప్రతి ఆదివారం అందరి కళ్లూ మీ వైపు తిరిగే ఆ క్షణం తప్పితేనే మీకు సగం భయం తీరుతుంది.

నిద్ర లేకపోవడాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను వదలను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణము తీసుకొనుము అన్నప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ పెట్టించి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. మాట్లాడినది హోరేబు కొండ చేరిన తరువాతే. మీ జిల్లా చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి కూలి దొరకడం కోసం బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. సహాయం నడిచిన ఆ నెలలలో బాప్తిస్మాలు ఇవ్వడం నిలిపివేశాడు. కరవు సాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెలంపల్లి వద్ద ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం ఎవరూ విశ్వాసాన్ని నటించకూడదన్నది ఆయన ఉద్దేశం కావచ్చు గానీ, ముందు కూలి, కూడు, ఆ తరువాతే తక్కినది అన్న ఆ వరుస నాకు ఏలీయా కథనే గుర్తు చేస్తుంది.

కనుక ఉపవాస ప్రార్థనలు ప్రస్తుతానికి మానండి. ఎవరు ఒత్తిడి చేసినా మానండి. వేళకు తినండి, ఈ వారంలోనే వైద్యుని దగ్గరకు వెళ్లి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, నిద్ర సంగతి, మనసు సంగతి దాచకుండా చెప్పండి. మందు అవసరమైతే వాడడం దేవుని మీద నమ్మకం తగ్గడం కాదు, షుగరు మందు వేసుకునే పాస్టర్లు మన మధ్య ఎందరో ఉన్నారు. బతకడం వృథా అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లవారే దాకా ఆగకండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

మీ అత్తయ్య గారి గురించి మీరు ఒక్క మాటే రాశారు. మీరు భర్తను పోగొట్టుకున్న రోజునే ఆమె కొడుకును పోగొట్టుకున్నారు. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు కన్నీళ్లు దాచుకుంటున్నారేమో చూడండి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగి వచ్చిన నయోమి, నన్ను మారా అని పిలవండి, సర్వశక్తుడు నాకు చేదు మిగిల్చాడు అని ఊరి ఆడవారందరి ఎదుట అన్నది, పక్కనే ఉన్న కోడలు ఆ మాటకు ఆమెను గద్దించలేదు, తరువాత పరిగె ఏరుకోవడానికి పొలానికి వెళ్లింది.

అబ్బాయిని చర్చికి రమ్మని బలవంతపెట్టకండి. అతని కోపం న్యాయమైనది, ఎందుకంటే అతడు ఆ కార్డును మనందరికంటె నిజాయితీగా చదివాడు. ఒక సాయంకాలం ఆ కార్డును బల్ల మీద పెట్టి, నాకూ ఇది అర్థం కాలేదు నాన్నా అనండి. దేవుని తరఫున వాదించకండి. అతడు చాలాసేపు మాట్లాడకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు కూడా. దేవాలయ శిఖరం మీద ఆ కీర్తన ఎవరు వాడుకున్నారో అతడు అడిగితే చెప్పండి, అడగకపోతే తరువాత చూద్దాము.

సాక్ష్యం చెప్పవద్దు. పాస్టర్ గారు మంచి మనసుతోనే అడిగి ఉంటారు, అయినా పొందని సంతోషాన్ని మైకులో ప్రకటించడం సాక్ష్యం కాదు. "ఈ ఏడాది నావల్ల కాదండీ, మాకోసం ప్రార్థించండి" అని ముందుగానే చెప్పివేయండి. డిసెంబరు 31 రాత్రి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే, అత్తయ్య గారితో వెళ్లి తలుపు దగ్గర కూర్చోండి, కార్డుల పళ్లెం వచ్చే ముందు లేచి వచ్చేయండి. ఇంట్లో ఉండిపోదామనిపిస్తే అదీ తప్పు కాదు. ఒకవేళ చేతిలో ఎవరైనా కార్డు పెడితే, ఇంటికి వచ్చి ఆ అధ్యాయమంతా చదవండి. ప్రతి కట్టలోనూ ఉండే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనమే తీసుకుందాము. సమాధానకరమైన ఉద్దేశములు అన్న ఆ మాట చెరపట్టబడి బబులోనుకు పోయినవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని పై వచనం డెబ్బది సంవత్సరాలు ఆగమంటుంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి రాలేదు. అయినా అదే ఉత్తరం మొదట్లో, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అని ఉంది. పరదేశంలో, పోయినది తిరిగి రాకముందే.

ఇక ఆ నవ్వు. సంతోషం మళ్లీ వస్తుందా అని అడుగుతూ, అది వచ్చిన రోజును మీరే మీ ఉత్తరంలో నేరంలా రాసుకున్నారు. మీరు పిలవలేదు, దానికోసం ఉపవాసం ఉండలేదు, ఎవరి ఎదుటా సాక్ష్యంగా చెప్పలేదు. ఏడుపు మధ్యలో, దానంతట అది వచ్చి వెళ్లింది. అది ఆయనకు ద్రోహం కాదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆయనతో కాపురం చేసి ఉంటారు, పాప మాటలకు ఆయన కూడా ఎన్నిసార్లు నవ్వి ఉంటారో మీకే తెలుసు. ఆ రోజు మీ నవ్వు విన్న పాపకు ఏమనిపించిందో కూడా ఆలోచించండి. ఎనిమిది నెలల తరువాత అమ్మ నవ్వింది, వెంటనే అమ్మ ముఖం మారిపోయింది. తాను అనకూడనిది ఏదో అన్నానని అనుకుని ఉంటుంది. దానిని పిలిచి, నువ్వు నవ్వించినందుకు నాకు సంతోషమే అయిందని చెప్పండి.

పాప అన్న మాట ఏమిటో మీరు రాయలేదు. ఈసారి ఉత్తరం రాసినప్పుడు అది కూడా రాయండి.