పులి లేని చోట జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. ఉండేది ఎల్బీనగర్‌లో, సొంతూరు నారాయణపేట జిల్లాలో. ఊళ్లో మా నాన్నగారి కంది చేనును కృష్ణజింకలు మేసిపోతున్నాయి. ఈమేమో అభయారణ్యాల బయట బతికే జంతువులను కాపాడే పని చేస్తానంటోంది. పులులున్న అడవైతే ఉద్యోగమైనా ఉంటుంది, పొలాల్లో తిరిగే జింకలకు, తోడేళ్లకు జీతం ఎవరిస్తారు? ఎంపీసీలో చేర్పించి, బీటెక్ ఏఐ చదివించి, తరువాత ఆ సాంకేతికతతోనే వన్యప్రాణుల పని చేసుకోమని నచ్చజెప్పాలనుకుంటున్నాం. ఎంపీసీ, బైపీసీ రెండూ పోల్చి చెప్పగలరు. కాలేజీలో సీటుకు అడ్వాన్సు కట్టేశాం. – ఒక తండ్రి

జవాబు: అడ్వాన్సు కట్టింది ఎంపీసీకే అయి ఉంటుంది. నేను ‘ఎంపీసీయే మేలు’ అని రాస్తే ఈ జవాబు తీసుకెళ్లి అమ్మాయి ముందు పెడతారు. పశువైద్యం అన్న పిల్లలకూ, బొమ్మలు గీస్తానన్న పిల్లలకూ ఇళ్లలో వినిపించేది ఇదే మాట: ముందు బీటెక్ చెయ్యి, తరువాత నీ ఇష్టం. ఆ ‘తరువాత’ ఎంతమందికి వచ్చిందో మీ ఆఫీసులో పక్క సీట్లవాళ్లను అడిగి చూడండి.

ముందు ఏఐ సంగతి. దీనిమీద నాకు గట్టి అనుమానాలున్నాయి. జంతువుల ఫొటోలు తీయడానికి చెట్లకు కట్టే కెమెరాలు చుట్టుపక్కల వేడికీ, ఎదురుగా కదిలేదాని వేడికీ మధ్య తేడాను పట్టుకొని పనిచేస్తాయి. నీడ ఉన్న అడవిలో ఇది బాగానే సాగుతుంది. మన పాలమూరు నేలల్లో ఏప్రిల్ ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా కెమెరా క్లిక్కుమంటుంది. కార్డు నిండా గడ్డే. ఆ ఖాళీ ఫొటోలను ఏరి పక్కన పెట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉచితంగా దొరుకుతోంది. పోనీ తోడేలు పడిందనుకుందాం. పులిని చారలు చూసి ఇది ఫలానా పులి అని చెప్పవచ్చు. తోడేలుకు చారలెక్కడివి? అప్పుడు దాని మలం ఏరి జన్యు పరీక్షకు పంపాలి. అలాంటి పరీక్షలు చేసే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి వన్యప్రాణుల ప్రయోగశాల లాకోన్స్ మన అత్తాపూర్‌లోనే ఉంది. అంటే ఈ రంగంలో ఏఐ ఒక పనిముట్టు. దానికోసం ముందుగా లక్షలు పోసి డిగ్రీ కొనాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

కంప్యూటర్ అక్కరకు వచ్చే చోటు వేరే ఉంది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాలతో దేశపు బంజరు భూముల అట్లాస్ తయారవుతుంది. తోడేలు, గుంటనక్క, కృష్ణజింక తిరిగే తుప్పల నేలలు చాలావరకు అందులో బంజరు కిందే పడతాయి. బంజరు అని రాశాక, సౌర ఫలకలు పరచాలన్నా, మొక్కలు నాటాలన్నా అందరి కళ్లూ ఆ నేల మీదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో పులీ, కృష్ణజింకా, తోడేలూ గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. జంతువుకు రక్షణ ఉంది, అది నిలబడిన నేలకు లేదు. ఆ నేలను మ్యాపులో సరిగ్గా చూపగలిగిన మనిషికి పని ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, ఆ 400 ఎకరాలు అడవా కాదా అన్న వాదన ఊరంతా విన్నాం కదా.

ఇక జీతం. అభయారణ్యాల బయట ప్రభుత్వ కొలువులు తక్కువే. స్వచ్ఛంద సంస్థల్లో ఏడాదికో రెండేళ్లకో ముగిసే ప్రాజెక్టులు, మొదటి జీతం మీ కాలనీలో సాఫ్ట్‌వేర్ పిల్లలకు వచ్చేదానికంటే బాగా తక్కువ. పరిశోధనవైపు వెళ్లి నెట్ అనే జాతీయ అర్హత పరీక్షతో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. కోటీశ్వరులు కారు. అన్నానికి కరువూ ఉండదు. పెళ్లి సంబంధాలకు ఇబ్బందని మీరు రాయలేదు గాని, ఆ భయమూ ఉందని నాకు తెలుసు. పదిహేనేళ్ల పిల్ల విషయంలో దాన్ని ఇప్పుడే నెత్తికెత్తుకోకండి.

ఈ పని అసలు ఎలా ఉంటుందో మీకంటే మీ నాన్నగారికే బాగా తెలుసు. ఎరువుకోసం రైతు తన చేలో గొర్రెల మంద పెట్టించుకుంటాడు. రాత్రి తోడేలు వచ్చి ఒక గొర్రెను పట్టుకుపోతుంది. పరిహారం కావాలంటే కళేబరం ఉండాలి, పశువైద్యుడు చూడాలి, పంచనామా రాయాలి. సిబ్బంది వచ్చేసరికి మంద రెండూళ్లు దాటిపోయి ఉంటుంది. గొర్రెలకాపరి కాగితాల మీద ఆశ వదులుకొని, మరుసటి ఏడు తోడేలు పిల్లలున్న బొరియలో పొగ పెడతాడు. ఆ కాపరితో గొంగడి మీద కూర్చొని మాట్లాడి, అతని కాగితం కదిలేలా చూసే మనిషే తోడేలును కాపాడగలిగేది. 1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికిందంటే, దాన్ని రాత్రిపూట పట్టి చూపింది అక్కడి మనిషే. మీరు నారాయణపేట వదిలి వచ్చింది పిల్లలకు ఆ ఎండ, ఆ మట్టి వద్దనే. అమ్మాయి మళ్లీ అటే చూస్తోంటే మీకు గుచ్చుకుంటోంది. అందులో తప్పు లేదు. దానికి ఏఐ ముసుగు వేయడమే నాకు నచ్చలేదు.

పోల్చమన్నారు కాబట్టి: జీవశాస్త్రం ఇష్టమైతే బైపీసీ. రాజేంద్రనగర్‌లో పశువైద్యం, సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ (అటవీశాస్త్రం) ఉన్నాయి. లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ, తరువాత మ్యాపులు, గణాంకశాస్త్రం. భారత అటవీ సర్వీసు పరీక్షకు జంతుశాస్త్రం, పశువైద్యం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్, వీటిలో ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి శాస్త్రం పీజీలో ఇంజినీర్లూ చేరుతుంటారు. ఇప్పుడు ఏది తీసుకున్నా వన్యప్రాణుల వైపు దారి మూసుకుపోదు. అందుకే ఈ విషయంలో మీ నిద్ర చెడగొట్టుకోవద్దంటున్నాను.

కాలేజీ తెరిచేలోగా అమ్మాయిని తాతగారి దగ్గరకు పంపండి. తెల్లవారుజామున చేలోకి ఎన్ని జింకలు వస్తున్నాయో, ఏ వైపునుంచి వస్తున్నాయో, తాత ఎంత నష్టపోయాడో రోజూ నోటుపుస్తకంలో రాయమనండి. పరిహారానికి దరఖాస్తు కూడా ఆమెనే పెట్టమనండి, ఫారెస్టు ఆఫీసుకు తాతతో కలిసి వెళ్లి కూర్చోమనండి. అప్పటికీ ఈ పని మీద మక్కువ తగ్గకపోతే ఎంపీసీయా, బైపీసీయా ఆమెనే తేల్చుకోనివ్వండి. కాలేజీవాళ్లు అడ్వాన్సు వెనక్కి ఇస్తారో లేదో ఈలోగా మీరు కనుక్కోండి.